అడవిని చూడటానికి పట్నం పోయినాము

ఇది కొంచెం పొడుగు వ్యాసం. నాలుగు షీట్లు అయింది. తెలుగు సార్ మొదట రెండు షీట్లకు తగ్గించమన్నారు. తరువాత చదివి, ఉండనీ అన్నారు. పై షీటు అందని చిన్న తరగతుల వాళ్లు బల్ల వేసుకొని చదవండి. అన్నం తిన్న చేతులు గోడకు పెట్టకండి.

అక్టోబరు 2 నుండి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు అని మనకందరికీ తెలుసు. ఏటా మన బడిలో వ్యాసరచన పోటీ, బొమ్మల పోటీ పెడతారు. బొమ్మల పోటీలో అందరం పులినే వేస్తాము. ఈసారి హైదరాబాదులో అడవి జంతువుల ఫోటోల ప్రదర్శన పెట్టినారని, అందులో మన నల్లమల ఫోటోలు కూడా ఉన్నాయని సార్‌కు తెలిసింది. తొమ్మిది, పది తరగతుల వాళ్లను తీసుకొని పోయినారు. రాని వాళ్లు "ఏం జూసిండ్రు? పులి ఉండెనా? జూకు తోల్కపోయిండ్రా?" అని వారం నుండి ఒకటే అడుగుడు. ఒక్కొక్కరికి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అందుకే రాస్తున్నాను. జూకు పోలేదు. టైము చాలలేదు.

మేము పోయేనాడు తెల్లవారుజామున పులిహోర కట్టి ఇచ్చిన వంట అక్క ఏమన్నదో మాత్రం చెప్పాలి. "అడవి బొమ్మలు జూడనీకి పట్నం పోతున్రా? కిటికి దీస్తే కనబడదా?" అన్నది. బస్సులో డిండి దాటేదాకా అదే చెప్పుకొని నవ్వినాము. ఆమనగల్లు వచ్చేసరికి సగం మంది నిద్రపోయినారు. ప్రయాణం గురించి ఇంకేమీ రాయను, మీరందరూ బస్సు ఎక్కినవాళ్లే.

హాలు పెద్దది. లోపల చల్లగా ఉన్నది. గోడలకు నల్ల రంగు వేసి, ఒక్కొక్క ఫోటో మీద ఒక్కొక్క లైటు పెట్టినారు. నూటికి పైన ఫోటోలు. చూడటానికి వచ్చినవాళ్లు పడుకున్న పిల్లను లేపొద్దన్నట్టు గుసగుసగా మాట్లాడుతున్నారు. మేము కూడా గుసగుసగా మొదలుపెట్టినాము కాని పది నిమిషాలకే మరిచిపోయినాము. ఒక్కో ఫోటో కింద చిన్న అట్ట. అట్ట మీద జంతువు పేరు తెలుగులో, ఇంగ్లీషులో, సైన్సు పేరు, ఏ అడవి, ఎవరు తీసినారు. ఇంకా కొన్ని అంకెలు కూడా. 1/500 అంటే ఏమని మన క్లాసు అబ్బాయి అడిగితే, అక్కడ చూపించడానికి నిలబడ్డ కాలేజీ అన్న చెప్పినాడు: ఒక సెకండును 500 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కసేపు మాత్రమే కెమెరా కన్ను తెరుచుకున్నదని. ఆ ముక్కలో లకుముకి పిట్ట నీళ్లలో నుండి చేపతో లేస్తున్నది. ముక్కు నుండి కారే నీటి చుక్కలు ఒక్కొక్కటి లెక్కపెట్టవచ్చును. మనం వాగు కాడ రోజూ చూసే పిట్టే. కాని దాని కాళ్లు అంత ఎర్రగా ఉంటాయని నేను ఎన్నడూ చూడలేదు.

లడఖ్ మంచు చిరుత, అస్సాం ఖడ్గమృగం, ఏనుగులు, చాలా ఉన్నాయి. అవి పుస్తకాలలో చూసినవే, ఇంత పెద్దగా చూడలేదు అంతే. మేము వాటి కాడ ఎక్కువ సేపు ఆగలేదు. మా కాళ్లు నల్లమల గోడ దిక్కే గుంజినాయి.

అక్కడ మొదటిది ఒక సాలీడు. మీరు నమ్మరు, అది నీలం రంగు. నెమలి మెడ ఎంత నీలమో అంత నీలం, కాళ్ల మీద పసుపు పచ్చ మచ్చలు. చెట్టు తొర్రలో నుండి బయటికి చూస్తున్నది. దీని పేరు మాత్రం గుత్తి సాలీడు. గుత్తి అంటే అనంతపురం జిల్లాలో రైలు జంక్షను. నల్లమలలో ఉండేదానికి గుత్తి పేరెందుకు వచ్చిందంటే, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీని గురించి మొదట రాసినప్పుడు, ఆయనకు అందిన సాలీడు గుత్తి రైలు స్టేషన్ కట్టెల డిపోలో దొరికినదట. అడవి కట్టెలలో ఎక్కి అక్కడ దిగి ఉంటుందని అనుకుంటున్నారు. తరువాత నూరేండ్లు అది శాస్త్రవేత్తలకు కనబడలేదు. 2001లో నంద్యాలకు, గిద్దలూరుకు నడుమ అడవిలో మళ్లీ దొరికింది. లోకంలో అది ఉండేది చాలా కొద్ది అడవిలోనే. అది ఏ క్షణమైనా అంతరించిపోవచ్చునని 2008లోనే లెక్క కట్టినారు. కొందరు పట్టుకొని పోయి విదేశాలలో పెంచుకునేవాళ్లకు అమ్ముతారట. సాలీడును కొనుక్కునేవాళ్లు కూడా ఉంటారా అని నేను అడిగితే కాలేజీ అన్న ఉంటారన్నాడు. అది మన కృష్ణకు అవతలి దిక్కు నల్లమలలోది, మన దిక్కుది కాదు. అయినా నాకు దాని మీద జాలి అయింది. ఇల్లు ఒకచోట, పేరు ఇంకొక చోటుది. కట్టెల మోపులో ఎక్కడ దిగితే ఆ ఊరి పేరే పడింది.

దాని పక్కన గుడ్డెలుగు ఇప్పచెట్టు కింద పూలు ఏరుకొని తింటున్న ఫోటో. ఒక పట్నం అమ్మగారు "ఇది ఏం తింటుంది? మట్టా?" అని తన బిడ్డను అడిగింది. మన అమ్మాయిలు ఊకుంటారా! ఇప్పపువ్వు అని, అది ఎండాకాలం మొదట్లో తీసిన ఫోటో అని, తెల్లవారి రాలిన పువ్వును మనమూ ఏరుతాము, అదీ ఏరుతుంది, అందుకే ఆ నెలలో చూసుకొని నడవాలని చెప్పినారు. ఆమె "మీకు పులి అంటే భయం కాదా?" అన్నది. "పులికి కాదమ్మా, గుడ్డెలుగుకే భయం. పులి మనిషిని జూస్తే పక్కకు పోతది. ఇది మీదికొస్తది" అని మన పదో తరగతి అక్క చెప్పింది. అప్పటి నుండి ఫోటోలు చూసేవాళ్లు కాలేజీ అన్నను విడిచి మమ్మల్నే అడిగినారు. రేచుకుక్కల ఫోటో కాడ, కణుజు కొమ్ములు చెట్టుకు రాకిన గుర్తు కాడ, కొండగొర్రెకు నాలుగు కొమ్ములు ఎందుకు అని. ఎందుకో మాకూ తెలియదు, ఉంటాయి అంతే అన్నాము.

ఇక పులి. అందరూ దాని ముందే. రాత్రి ఫోటో. బండ్ల బాట మీద నడిచి వస్తున్నది, ఒక ముందరి కాలు ఎత్తి ఉన్నది, కండ్లు మెరుస్తున్నాయి. మిగిలిన ఫోటోల కింద తీసినవాళ్ల పేరు ఉన్నది కదా, దీని కింద లేదు. "కెమెరా ట్రాప్ ఫోటో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్" అని మాత్రమే ఉన్నది.

మా నాయిన బేస్ క్యాంపులో పని చేస్తాడని మీలో చాలామందికి తెలుసు. మీ నాయినలు, అన్నలు కూడా కొందరు చేస్తున్నారు. కాబట్టి ఇది తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. పులుల లెక్కకు కెమెరాలు కట్టేటప్పుడు బాటకు అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా, మోకాలెత్తున చెట్లకు కడతారు. రెండెందుకంటే పులికి ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు ఒకటిగా ఉండవు. మన బొటనవేలి గుర్తు మాదిరిగా ఏ పులి చారలు దానివే. రెండు పక్కలా ఫోటో పడితేనే ఇది ఫలానా పులి అని చెప్పగలుగుతారు. కెమెరాకు ఫిలిం ఉండదు, కార్డు ఉంటుంది. వేడి ఒళ్లు కదిలితే అదే ఫోటో తీస్తుంది. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినా తీస్తుంది, కాబట్టి ముందర గడ్డి కోయాలి. ఏ చెట్టుకు కట్టాలి అన్నది చూడటానికే చాలా నడవాలి. అడుగులు ఎటు పోతున్నాయి, చెట్టు మీద గోళ్ల గీతలున్నాయా, నీళ్లు ఎంత దూరం, అన్నీ చూడాలి. ఇవన్నీ యంత్రానికి తెలియవు.

ఇంకొకటి ఉన్నది, అది చెబితే మా క్లాసు వాళ్లు ఇంకా నవ్వుతున్నారు. కెమెరా కట్టినాక అది పని చేస్తున్నదా లేదా చూడాలి కదా. మనిషి నిలబడి నడిస్తే పులి ఎత్తు రాదు. అందుకని కట్టినాయనే చేతుల మీద, మోకాళ్ల మీద, పులి మాదిరిగా దాని ముందర పాకుతాడు. లోపల ఎర్ర లైటు మెరిస్తే సరిగ్గా కట్టినట్టు. మెరవకపోతే విప్పి, కొంచెం వంచి కట్టి, మళ్లీ పాకాలి. మా నాయిన ఇంట్లో ఒకసారి మా తమ్మునికి చేసి చూపించినాడు. వాడు పులి పులి అని మా అమ్మ కొంగు పట్టుకున్నాడు. అంటే, కెమెరాలో పులి కంటే ముందు పడేది దాన్ని కట్టిన మనిషే.

హాలులో ఒక అట్ట మీద రాసి ఉన్నది నేను నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. 2018 పులుల లెక్కలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు కట్టినారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు పడినాయి. అందులో పులులవి 76,651. ఇది గిన్నిస్ రికార్డు. నేను బస్సులో భాగాహారం చేసినాను (లెక్కల సార్ గమనించగలరు). సుమారు 455 ఫోటోలకు ఒక్క పులి ఫోటో. మిగిలిన 454 ఏమిటి? చిరుతలు, జింకలు, ఆవులు, గడ్డి, కట్టెలకు పోయేవాళ్లు, పాకుతున్న నాయినలు. కట్టిన ప్రతిచోటా ఒక్కసారి పాకినా 26,838 సార్లు. 2022 లెక్కలో తెలంగాణలో 21 పులులు, ఆంధ్రప్రదేశ్‌లో 63 అని తేలింది. ఈ అంకెలు పోటీ పరీక్షలలో వస్తాయని సార్ అన్నారు, కాబట్టి గుర్తు పెట్టుకోండి.

నేను కాలేజీ అన్నను అడిగినాను. "అన్నా, దీనికి ఎవరి పేరూ ఎందుకు లేదు?"

"ఇది ఎవరూ తీయలేదమ్మా. కెమెరా తనంతట తానే తీసింది."

"మరి తనంతట తానే చెట్టుకు కట్టుకున్నదా అన్నా?"

పక్కనున్నవాళ్లు నవ్వినారు. అన్న కూడా నవ్వినాడు, కోపం చేయలేదు. నేను నవ్వించడానికి అడగలేదు. అదే హాలులో తలుపు దగ్గర పాత ఫోటోల చరిత్ర రాసి పెట్టినారు. నూరేండ్ల కింద, 1920లలో, ఉత్తరాది అడవులలో ఛాంపియన్ అనే ఇంగ్లీషు ఫారెస్టు ఆఫీసరు ఉండెను. ఆయన తుపాకి కంటే కెమెరా మేలు అనుకునేవాడట. జంతువుల బాటలో సన్నని తీగ కట్టి, దాన్ని కెమెరాకు, వెలుగు ఇచ్చే మందుకు తగిలించి, ఇంటికి పోయి పడుకునేవాడు. రాత్రి పులి వచ్చి తీగ తొక్కితే వెలుగు మెరిసి ఫోటో పడేది. 1927లో వాటిని పుస్తకంగా వేసినాడు. అడవిలో తిరిగే పులికి మొదట మంచి ఫోటోలు తీసినవాడని ఈనాటికీ ఆయన పేరే చెబుతారు. ఆయన ఫోటో తీసినప్పుడు ఆయన అక్కడ లేడు. తీగ కట్టినాడు, అంతే. మా నాయినలు చేసేదీ అదే కదా! తీగకు బదులు డబ్బా. తీగ కట్టినాయనకు పేరు వస్తే డబ్బా కట్టినాయనకు ఎందుకు రాకూడదు? ఇది చెప్పినాక అన్న కొంచెంసేపు ఆలోచించి, "పెద్దవాళ్లను అడగాలమ్మా" అన్నాడు.

ఫోటో ఎక్కడ తీసినారో వాగు పేరు, బాట పేరు రాయలేదు. అది మాత్రం సరైనదే. వేటగాళ్లకు తెలియకూడదని రాయరట. చోటు దాచాలంటే ఒప్పుకుంటాను. కట్టినాయన పేరు దాచితే ఏ వేటగాడు ఆగుతాడు?

మధ్యాహ్నం పులిహోర తిన్నాక మళ్లీ లోపలికి పోయినాము. అప్పుడు చూసినదే నేను అసలు రాయాలనుకున్న సంగతి. నల్లమల గోడకు చివర, మూలకు, ఒక పెద్ద ఫోటో. జంతువు లేదు. పొద్దు పొడిచే వేళ, మంచు, కొండ వాలు, నడుమ ఒక తపసి చెట్టు తెల్లగా మెరుస్తున్నది. చాలా అందమైన ఫోటో. అబద్ధమెందుకు, ఆ హాలులో నాకు అన్నిటికంటే అదే నచ్చింది. కింద అట్ట మీద "నిర్మానుష్యమైన నల్లమల" అని ఉన్నది.

నిర్మానుష్యం అంటే మనుషులు లేనిది. తెలుగు వాచకంలో ఉన్నది, మీరు రాసి ఉంటారు.

నేను దగ్గరికి పోయి చూసినాను. తపసి చెట్టు మొదట్లో, నా నడుమెత్తున, గాటు ఉన్నది. పాత గాటు, దాని పైన ఇంకొక కొత్త గాటు. తపసికి గాటు పెడితే బంక కారి గడ్డ కడుతుంది, కొన్ని రోజులకు పోయి తీసుకొస్తాము, జీసీసీ డిపోలో అమ్ముతాము. ఇది మీకు చెప్పేదేమున్నది, మనలో ఎంతమంది నోటుపుస్తకాలు ఆ బంక పైసలతో కొన్నవి! గాటు పెద్దగా పెడితే చెట్టు చస్తుంది. ఈ గాటు చిన్నది, పద్ధతిగా ఉన్నది, తెలిసిన మనిషి పెట్టినది. ఇంకా చూస్తే చెట్టు పక్కన మంచులో సన్నని బాట. జంతువుల బాట మొద్దు వస్తే కింది నుండి దూరి పోతుంది. ఇది మొద్దును చుట్టి పోతున్నది. మోపు ఎత్తుకున్నవాళ్ల బాట.

ఆ ఫోటో తీసిన సారు అప్పుడే వచ్చినారు. మనుషులు ఆయన చుట్టూ చేరినారు. మన సార్ పొమ్మంటే నేను పోయి "సార్, ఇందులో మనుషులు ఉన్నారు" అన్నాను. "ఎక్కడమ్మా?" అన్నారు. నేను గాటు చూపించినాను, బాట చూపించినాను. ఆయన కండ్లద్దాలు పైకి పెట్టుకొని ఫోటోకు ముక్కు ఆనిచ్చి చూసినారు. తన ఫోటో తానే కొత్తగా చూసినట్టు చూసినారు. "మూడు రోజులు ఉన్నా. ఈ చెట్టు కోసమే రెండు పొద్దులు కూర్చున్నా. నాకు ఇది చెట్టు తొర్ర అనుకున్నా" అన్నారు. అక్కడికి మీరు ఒక్కరే పోయినారా అని అడిగినాను. లేదు, ఒక ట్రాకర్ తీసుకొని పోయినాడు, ఆయన లేకపోతే నేను నీళ్లకు కూడా పోలేకపోయేవాణ్ణి అన్నారు. పేరు ఏమి సార్ అంటే, "అన్నా అన్నా అనే పిలిచినానమ్మా" అని ఊరుకున్నారు.

మంచి మనిషి. మా అందరికీ చాయ్, బిస్కెట్లు ఇప్పించినారు. అట్ట మార్పిస్తానన్నారు. ఆ మాట ఉత్తదని నేను అనుకోను.

ఒక్క మాటకు ఇంత ఎందుకు రాస్తున్నావని మా బెంచి అమ్మాయి అడిగింది. ఎందుకో చెబుతాను. మా పెంట కోర్ ఏరియాలో ఉన్నది. పులుల కోసమని కోర్ ప్రాంతం నుండి ఇష్టపూర్తిగా బయటికి వచ్చే కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చే పథకం ఉన్నది. ఆ ముచ్చట వచ్చినప్పటి నుండి మా ఇంట్లో అన్నం ముందర కూర్చుంటే అదే మాట. మా అమ్మ పోదామంటుంది. మా తమ్మునికి రాత్రి జ్వరం వస్తే రోడ్డు దాకా ఎత్తుకొని వచ్చింది ఆమె, నేను లాంతరు పట్టినాను. ఆ రాత్రి గురించి ఆమెకు ఎవరూ ఎదురు చెప్పలేరు. మా అవ్వ పోదు. లింగమయ్యను ఎవరు చూస్తారు, బయట గడ్డలు ఎక్కడ తవ్వుకుంటాము, పైసలు ఎన్ని దినాలు వస్తాయి అంటుంది. మా నాయిన రెండు దిక్కులా తల ఊపుతాడు. పగలంతా పులి కోసం పని చేసి రాత్రి ఇంటికి వస్తే పులి కోసమే ఇల్లు విడువాల్నా వద్దా అని అడుగుతుంటే ఆయన మాత్రం ఏమి చెబుతాడు! 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ తెలిసి ఒప్పుకుంటేనే కదిలించాలని సోషల్ సార్ చెప్పినారు. నాకు ఇంకా ఎటూ తేలలేదు. ఒకనాడు అమ్మ మాట సరి అనిపిస్తుంది, ఒకనాడు అవ్వ మాట. కాని పోతామో ఉంటామో మేము ఇంకా చెప్పనే లేదు, అప్పుడే ఫోటో కింద మనుషులు లేరని రాసేసినారు. నాకు బాధ కలిగింది దానికి.

వచ్చేటప్పుడు అభిప్రాయాల పుస్తకంలో అందరం రాసినాము. ఎక్కువమంది "చాలా బాగున్నవి" అని రాసినారు. ఒకడు "అలుగు లేదు, పెట్టవలెను" అని రాసినాడు. నేను రెండు వాక్యాలు రాసినాను. కెమెరా ట్రాప్ ఫోటోల కింద కెమెరా కట్టినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు రాయవలెనని ఒకటి, తపసి చెట్టు సంగతి ఒకటి. కింద బడి అడ్రసు కూడా రాసినాను.

తిరుగు బస్సులో సార్ ఇంకొక సంగతి చెప్పినారు. 1940లో హైమెండార్ఫ్ అనే వియన్నా ఆయన మన నల్లమలలో చెంచుల మధ్య ఉండి, చూసినవన్నీ రాసుకొని 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం వేసినాడు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో దాచి ఉన్నాయట. అందులో మన పెంటల వాళ్ల ముత్తాతలు ఉండవచ్చును. ఒకసారి చూడాలని నాకు చాలా కోరిక ఉన్నది. మా అవ్వకు చూపిస్తే ముక్కు చూసి ఎవరి ఇంటివాళ్లో చెప్పేస్తుంది.

మొన్న ఆదివారం మా నాయిన వచ్చినాడు, సీతాఫలాలు తెచ్చినాడు. సార్ తన ఫోన్‌లో పులి ఫోటో తీసి పెట్టినారు కదా, అది చూపించినాను. ఇది నువ్వు కట్టిన కెమెరాదే కావచ్చునని నాకు ఆశ. ఆయన పులిని సరిగ్గా చూడనే లేదు. వేళ్లతో పెద్దగా చేసి గడ్డి చూసినాడు.

"ఇది మాది గాదు. మేము గింత గడ్డి ఇడువం. ఇది వేరే క్యాంపోళ్లది" అన్నాడు.

"ఎవలది నాయినా?"

"అడిగి చెప్త." తరువాత ఇంకొంచెంసేపు చూసి, "మంచిగ కట్టిండ్రు గని" అన్నాడు.

తపసి చెట్టు ఫోటో చూపించినాను. దాన్ని చాలాసేపు చూసినాడు. ఎవరు గాటు పెట్టినారో చెబుతాడనుకున్నాను. "ఈ చెట్టు ఇంకో రెండేండ్లు ఇడిచిపెట్టాలె. బాగ గీసిండ్రు" అన్నాడు, అంతే. నేను హాలులో అడిగినవన్నీ సార్ ఆయనకు చెప్పినారు. నాయిన తల వంచుకొని నవ్వినాడు. పోయేటప్పుడు గేటు కాడ మెల్లగా అడిగినాడు: "నేను పాకిన ఫోటో గూడ పెట్టిండ్రా ఏంది?"

పెట్టలేదని చెప్పినాను.

అన్ని ఫోటోల పేర్లు, అంకెలు రాసుకున్న నా నోటుపుస్తకం గ్రంథాలయం బీరువాలో పై అరలో పెట్టినాను. కావలసినవాళ్లు అక్కడే కూర్చొని చూడండి. నీలం సాలీడు బొమ్మ వేయాలనుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తే మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెబుతాను. మన దగ్గర ఉన్న స్కెచ్ పెన్నులలో ఆ రంగు మాత్రం లేదు.

— 9వ తరగతి విద్యార్థిని